పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుంది

భిలాయిలోని మన తెలుగు ఇళ్లకు సెలవుల్లో చుట్టాలు, స్నేహితులు వస్తూనే ఉంటారు. "ఇక్కడ చూడడానికి ఏముంది?" అని వాళ్లు అడిగితే మన జవాబు రెండు మాటల్లో అయిపోతుంది: మైత్రీ బాగ్, మాల్. మూడో రోజుకి అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. లోపం ఊరిలో లేదు, మనం టౌన్‌షిప్ పొలిమేర దాటకపోవడంలోనే ఉందని నా అభిప్రాయం.

మైత్రీ బాగ్‌ను నేను తక్కువ చేయడం లేదు. భారత్, సోవియట్ దేశాల స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన తోట అది. తెల్లపులులను చూడాల్సిందే. కానీ అది ఒక పూట పని.

గత దసరా సెలవుల్లో విజయనగరం నుంచి నా స్నేహితురాలు వచ్చినప్పుడు, నాన్నగారు మమ్మల్ని చరోదా దగ్గరి దేవ్‌బలోదా తీసుకెళ్లారు. అక్కడ కలచురి రాజుల కాలం నాటి శివాలయం ఉంది. గోడల నిండా ఏనుగులు, వేట దృశ్యాలు, నాట్యం చేసే బొమ్మలు. పక్కనే మెట్ల కోనేరు. దగ్గర్లోని పల్లెలో మాకు బోరే బాసీ పెట్టారు. రాత్రి అన్నాన్ని నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తినడమే. నా స్నేహితురాలు ఒక ముద్ద తిని, "ఇది మా చద్దన్నమే కదే!" అంది. రెండు రాష్ట్రాల మధ్య దూరం ఆ ఒక్క ముద్దతో తగ్గిపోయింది.

గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి గారి పండవానీ గురించి చెబితే, "అచ్చం బుర్రకథలా ఉందే" అని ఆశ్చర్యపోయింది. తంబూరా చేతపట్టి, నిలబడి, భారత కథను ఆడి పాడి చెప్పిన ఆమెకు 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆ ఊరు మనకు గంట ప్రయాణం కూడా కాదు.

పల్లెలు చూడాలనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. 1959లో ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. దానికి కావలసిన ఇనుప ఖనిజం సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా కొండల నుంచి వచ్చింది. మన మరోదా స్టేషన్ ఆ రైలు మార్గంలోదే. మరోదా చెరువులోకి నీళ్లు బాలోద్ దగ్గరి తాందులా జలాశయం నుంచి కాలువలో వస్తాయి. అదే కాలువల కింద రైతులు వరి పండిస్తారు. మన కుళాయిలో నీళ్లు, మన అమ్మానాన్నల జీతాలు ఈ కొండలతో, ఈ పల్లెలతో ముడిపడి ఉన్నాయి. అన్నం పెట్టిన చేతిని ఒక్కసారైనా చూసి రావద్దా?

బస్సులు సరిగా ఉండవు, గైడ్లు ఉండరు, దుమ్ము అని కొందరంటారు. నిజమే. కానీ రైలు ఉంది, పెద్దవాళ్ల స్కూటర్లున్నాయి, దారి చెప్పే మనుషులున్నారు. అయితే ఒక్క మాట. పల్లె జూ కాదు. "జై జోహార్" అని పలకరించి, అడిగిన తరువాతే ఫొటో తీయాలి. పొలం గట్టున చిప్స్ కవర్లు పారేయకూడదు.

నాన్నగారి ఉద్యోగ విరమణతో మనలో చాలామంది ఈ ఊరు వదిలి వెళ్లిపోతాం. రేపు ఎవరైనా "మీరు పెరిగిన నేల ఎలాంటిది?" అని అడిగితే, సెక్టార్ నంబరు ఒక్కటే చెబుతామా?

అందుకే మన బడికి నా సూచన ఇది. ఏటా ఒక విహారయాత్రను వంద కిలోమీటర్ల లోపే పెట్టాలి. ఒక ఏడు దేవ్‌బలోదా, ఒక ఏడు తాందులా, ఒక ఏడు దల్లీ రాజహరా. చరిత్ర, భూగోళం, సైన్సు పాఠాలు మూడూ ఆ దారిలోనే ఉన్నాయి. ఈసారి మీ ఇంటికి చుట్టాలొస్తే ముందుగా మీరే ఒక దారి ఎంచి పెట్టండి.