మిలట్రీ ఉత్తరాలను రద్దీకి వేయకండి!



ముంబయి తెలుగువాళ్లం మనం వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీ వదిలి 500 అడుగుల కొత్త ఇళ్లలోకి పోతున్నాం. కామాఠిపురా గల్లీలకూ పునర్నిర్మాణం వంతు రాబోతోంది. సంతోషమే. కానీ సామాను కట్టే హడావుడిలో అటక మీది ట్రంకు పెట్టెలో కాగితాలు చూడకుండానే పాత కాగితాలు కొనే రద్దీవాలా తక్కెడకెక్కుతున్నాయి. మిలట్రీలో ఉన్న తాతో, బాబాయో యుద్ధం రోజుల్లో భార్యకు రాసిన ఉత్తరాలు వాటిలో ఉంటే, కిలోల లెక్కన పోయినట్టే.

సిపాయి తానున్న చోటు రాయకూడదు. అందుకే కవరు మీద ఊరి పేరుండదు, ‘56 ఏపీఓ’ అని సైన్యం పోస్టాఫీసు నంబరు ఉంటుంది. లోపల మనియార్డరు అందిందా, షావుకారు వడ్డీ ఎంతైంది, పిల్లకు జ్వరం తగ్గిందా అన్న ప్రశ్నలే. భార్యకు చదువు రాకపోతే పక్కింటివాళ్లు పైకి చదువుతారు. అది తెలిసిన మొగుడు ప్రేమను కూడా ‘వేళకు తిను’ అనే రాస్తాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు విప్పి చదివారు. కొన్నిటిని ఇంగ్లీషులోకి తిప్పి నివేదికల్లో చేర్చారు. ఆ నివేదికలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఇళ్లకు చేరిన అసలు ఉత్తరాలు మాత్రం చాలావరకు దొరకవు. సర్కారు దాచినంత కూడా మనం దాచుకోలేదు.

దాచుకుంటే ఏం మిగులుతుందో చూడండి. హైదరాబాదు బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో వీరమరణం పొందాడు. కొద్దిరోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతి అయిన తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరాడు. ఆయనకిచ్చిన మహావీర చక్ర ఆ మాట చెప్పదు. ఉత్తరమే చెప్పింది.

కాబట్టి మనం చేయాల్సినవి:

1. ఇల్లు మారేముందు ట్రంకు విప్పి చూడండి. కవర్లు పారేయకండి, తేదీ తపాలా ముద్రలోనే ఉంటుంది. టేపు అతికించకండి, లామినేషన్ చేయించకండి.

2. ఆంధ్ర మహాసభ, పద్మశాలి సంఘాలు, చాళ్ల కమిటీలు ఆదివారాల్లో స్కానింగ్ శిబిరాలు పెట్టాలి. అసలు ఉత్తరం ఇంటివాళ్లకే, నకలు సంఘానికి.

3. మరాఠీ, ఇంగ్లీషు బడుల్లో చదివిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. చదవగలిగిన పెద్దలు ఉండగానే ఉత్తరాలు చదివించి రికార్డు చేయాలి.

4. కొత్త భవనాల్లో ఇందుకోసం ఒక గది ఇవ్వాలని గృహనిర్మాణ సంస్థ మ్హాడాను కోరాలి.

‘ఆలుమగల మాటలు నలుగురిలో పెట్టడమేమిటి?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. ఉత్తరం ఎవరి పేరున వచ్చిందో ఆమె మాటే చివరి మాట. ఆమె వద్దంటే ఎవరూ చదవరు. కవరు మాత్రమే నకలు తీసి, ఉత్తరం ఆమె చేతిలోనే పెడదాం. ఆమె లేకపోతే ఇంటివాళ్లంతా ఒప్పుకోవాలి. కాపాడటం వేరు, అచ్చు వేయడం వేరు.

సామాను కట్టకముందే మీ చాల్ కమిటీని కలవండి. ఈ కరపత్రం చదివాక పక్క ఖోలీవాళ్లకివ్వండి.

ఇట్లు,
ముంబయి చాళ్ల తెలుగు బిడ్డలు