"పది రోజులకే కదా!"

ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళందరి ఇళ్ళలోనూ ఒక మాట వినిపిస్తుంది. "పది రోజులకే కదండీ, ఏదో ఒక వైరు లాగేద్దాం" అని. మేస్త్రీ అంటాడు, కరెంటు పనికొచ్చిన అబ్బాయి అంటాడు, ఆఖరికి మావారూ అన్నారు. నాకు మాత్రం ఆ మాటంటేనే చిరాకు. అసలు పది రోజుల పని పది రోజుల్లో అయిన ఇల్లు మీరెవరైనా చూశారా? మా వంటగది గోడలు కొట్టింది ఏప్రిల్ ఆఖర్లో. కొత్త గట్టు మీద పాలు పొంగించింది శ్రావణ మాసంలో. రోహిణి కార్తె ఎండలూ, ఆ తర్వాత వానలూ అన్నీ ఆ "పది రోజుల" వైరు మీదుగానే వెళ్ళాయి.

గోడల్లో పాత పైపులు తీసేశారు కాబట్టి లోపల కరెంటు లేదు. వంట వెనక గదిలోకి మారింది. ముందు వరండాలో ఉన్న మీటరు నుంచి పెరటి మీదుగా, గాల్లో వైరు తేవాలి. ఆ అబ్బాయి ఇంట్లో మిగిలిన వైరు చుట్టలు తెచ్చాడు. అవి గోడలో పైపు లోపల ఉండటానికి చేసినవి. పైన ఒక్క పొరే ఉంటుంది. ఎండకు ఎండి పగిలితే రాగి తీగ బయటపడుతుంది. పోనీ స్తంభం నుంచి మీటరుకి వచ్చే అల్యూమినియం సర్వీసు వైరు వేద్దామన్నాడు. వానకీ ఎండకీ అది ఓర్చుకుంటుంది, చవక కూడా. కానీ అందులో ఎర్త్ తీగ ఉండదు. చివర రాగి వైరుకి మెలిపెట్టి కలిపితే ఆ అతుకు వదులై వేడెక్కుతుంది.

"బాబూ, మూడు తీగలూ ఒకే మందపాటి తొడుగులో ఉండే గుండ్రటి రాగి కేబులు తీసుకురా, మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క" అన్నాను. ఎంత సైజన్నది లెక్క వేసి చెప్పాను. ఈ లెక్క ఇల్లాలే వేయాలని నా అభిప్రాయం. పొద్దున్న ఏడింటికి ఏవేవి ఒకేసారి తిరుగుతాయో ఎలక్ట్రీషియన్‌కి ఎలా తెలుస్తుంది? గీజరు 2000 వాట్లు, మిక్సీ 750, ఒక హార్స్ పవర్ మోటారు దాదాపు 750, ఫ్రిజ్ 200. మొత్తం 3700. దాన్ని 230తో భాగిస్తే 16 యాంపులు. మోటారు మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్లది అంచుల్లో సరిపోతుందేమో గానీ, ఎండలో వేలాడే దానికి 4 అయితే నాకు నిద్ర పడుతుంది. చదివింది తెలుగు బి.ఏ. అయినా భాగహారం వచ్చు కదా!

కేబులు ఎంత మంచిదైనా దాని బరువు అదే మోయకూడదు. రెండు గోడల మధ్య జి.ఐ. తీగ బిగించి, అడుగుకొక చోట కేబులుని దానికి కట్టించాం. కిటికీ దగ్గర లోపలికి వచ్చే ముందు కాస్త కిందికి వంచి వదిలితే వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి, బోర్డులోకి రావు. దండెం ఆ దరిదాపుల్లో లేకుండా తీసేశాను. తడి బట్టలు ఆరేసేది మనమే కదా.

ఎత్తు గురించి అయితే గట్టిగానే వాదించాను. మావారు నిలబడి చెయ్యెత్తి, "అందట్లేదుగా, చాలు" అన్నారు. ఆయన చేతిలో ఏమీ లేదు! నెత్తిన సిమెంటు తట్ట పెట్టుకుని చెయ్యెత్తి పట్టుకున్న ఆడకూలీ ఉంది. ఇనుప చువ్వ నిలువుగా పట్టుకుని వెళ్ళే కుర్రాడున్నాడు. వాళ్ళ కాళ్ళ కింద ఎప్పుడూ తడే. అందుకని వాళ్ళు నడిచే దారి మీద కాకుండా పక్క గోడ వెంబడి తిప్పించాను. నాలుగు మీటర్లు ఎక్కువ పట్టింది, పట్టనీ.

ఖర్చు దగ్గర మావారు నిజంగా ఆగింది 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. దగ్గర. "ఎం.సి.బి. ఉందిగా" అన్నారు. ఎం.సి.బి. లోడు ఎక్కువైతేనో, తీగలు కలిస్తేనో పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి అంత కరెంటు అక్కర్లేదు, అందులో చాలా చిన్న వంతు చాలు. ఆ చిన్న లీకుని పట్టుకుని వెంటనే ఆపేది ఇది. నీళ్ళు పోస్తూ టైల్స్ కోసే మిషను రోజంతా తిరిగే ఇంట్లో ఇది లేకుండా ఎలా? టైల్స్ బిల్లులో పూల డిజైనుకి ఇంతకన్నా ఎక్కువే పోసిన మనిషి, దీని దగ్గర బేరమాడటం నాకు నచ్చలేదు. ఆ మాటే అన్నాను. కొన్నారు.

ఇప్పుడు కేబులు చుట్ట అటక మీద ఉంది. వచ్చే నెల మా ఆడపడుచు వాళ్ళింట్లో పని మొదలవుతుందట, "వదినా, ఆ వైరు ఇస్తావా, పది రోజులకే" అని ఫోన్ చేసింది. ఇస్తానన్నాను, కానీ ఆ బ్రేకరు పెట్టెతో కలిపే పట్టుకెళ్ళాలని చెప్పాను.