వాయిస్ కమాండ్ ఉంటే చాలదు, వాల్యూమ్ నాబ్ కూడా కావాలి

పోయిన వేసవిలో చుట్టాల పెళ్లికి సూర్యాపేట వెళ్తున్నాం. నేను డ్రైవింగ్, పక్కన నాన్న, వెనక అమ్మ. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దాటాక స్పీడు 80కి వచ్చింది. ట్రాఫిక్ ఉంది కానీ సాఫీగానే వెళ్తోంది. స్టీరింగ్ మీదున్న వాయిస్ బటన్ నొక్కి "ప్లే శ్రీవల్లి సాంగ్" అన్నాను. పాట వచ్చింది. హిందీలో!

"ప్లే శ్రీవల్లి తెలుగు" అన్నాను. ఈసారి ఏదో ప్లేలిస్ట్ మొదలైంది, అది తమిళంలో. మూడోసారి గట్టిగా, ఒక్కో ముక్కా విడగొట్టి చెప్పాను. "సారీ, అర్థం కాలేదు" అని సమాధానం. నాకు చిర్రెత్తింది. అసలు ఇది ఏం విన్నదో చూద్దామని స్క్రీన్ వైపు కళ్ళు తిప్పాను. అంతే. తల తిప్పేసరికి ముందు వెళ్తున్న ట్రాలీ ఆటో బ్రేక్ లైట్లు నా బానెట్ ముందే ఉన్నాయి.

బ్రేక్ గట్టిగా తొక్కాను. పెడల్ కింద ఏబీఎస్ టకటకా కొట్టుకుంది. నాన్న చెయ్యి డాష్‌బోర్డు మీద పడింది. తగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కాసేపు కారులో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాన్న మ్యూజిక్ ఆపేసి, "పాట నేను పెడతాలేరా, నువ్వు రోడ్డు చూడు" అన్నారు.

నా చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఫోన్ జేబులో ఉంది. రూల్ ప్రకారం నేను చేసింది తప్పేం కాదు. కానీ ఇంకో అర సెకను లేటయ్యి ఉంటే ఈ ఆర్టికల్ వేరేలా ఉండేది. అందుకే ఈ విషయం మీద నా ఒపీనియన్ ఓపెన్‌గా చెప్పాలనుకుంటున్నా. ఏ కారు, ఏ యాప్ అనేది ఇక్కడ పాయింట్ కాదు. "వాయిస్ కంట్రోల్ ఉంది కదా, ఇంక బటన్లు ఎందుకు" అనే ఆలోచనే పెద్ద ప్రాబ్లం.

మనం అన్న మాట పాటగా ఎలా మారుతుంది?

బయటికి ఒక్క మాటే గానీ లోపల నాలుగు పనులు జరుగుతాయి. ముందు, మనం పిలిచే మాటని గుర్తుపట్టడానికి డివైస్‌లోనే ఒక చిన్న మోడల్ ఎప్పుడూ వింటూ ఉంటుంది. బటన్ నొక్కితే ఈ స్టెప్ అవసరం లేదు. రెండోది, మన మాటని అక్షరాల్లోకి మార్చడం. మూడోది, ఆ అక్షరాల్లో మన ఉద్దేశం పట్టుకోవడం: పాట కావాలా, కాల్ కావాలా, పాట అయితే ఏ పేరు, ఏ సింగర్, ఏ భాష. నాలుగోది, మ్యూజిక్ యాప్‌లో వెతికి సరైన ట్రాక్ ఎంచుకోవడం.

చిన్న లెక్క వేద్దాం. చివరి మూడు స్టెప్పులూ ఒక్కొక్కటి 90 శాతం కరెక్ట్‌గా పనిచేస్తాయనుకోండి. మూడూ కలిపితే వచ్చేది 73 శాతమే. అంటే నాలుగుసార్లు అడిగితే ఒకసారి తప్పు. ఇంట్లో స్పీకర్ దగ్గర తప్పు వస్తే నవ్వుకుంటాం. హైవే మీద తప్పు వస్తే స్క్రీన్ చూస్తాం.

దీనికి తోడు మైక్ గొడవ. టైర్ల రొద, గాలి హోరు, ఏసీ బ్లోయర్, స్పీకర్లలో మోగుతున్న పాట, ఇవన్నీ దాటుకుని మన గొంతు మైక్‌ని చేరాలి. బ్లూటూత్ మాత్రమే ఉన్న పాత స్టీరియోల్లో ఇంకో చిక్కు ఉంది. పాట వినిపించేది ఏ2డీపీ అనే ప్రొఫైల్ మీద. కారు మైక్ వాడాలంటే మాత్రం కాల్స్ కోసం పెట్టిన హెచ్‌ఎఫ్‌పీ ప్రొఫైల్‌కి మారాలి. అందులో పాత కోడెక్ మన గొంతుని సెకనుకి 8,000 శాంపిల్స్ మాత్రమే తీసుకుంటుంది. అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం అంతా కట్. "స", "శ", "ఫ" లాంటి అక్షరాలకి ప్రాణం ఎక్కువగా ఉండేది అక్కడే. కొత్త వాటిలో 16,000 శాంపిల్స్ తీసుకునే కోడెక్ వచ్చింది కాబట్టి కాస్త నయం. మీ స్టీరియోలో ఫోన్ వాయిస్ అసిస్టెంట్ తడబడుతుంటే తప్పు మీ ఉచ్చారణది కాకపోవచ్చు, మధ్యలో ఉన్న ఆ ఇరుకు పైపుది కావచ్చు.

తెలుగు పాటకే ఎందుకంత కష్టం?

"సామజవరగమన" అని అడిగారనుకోండి. మీకు ఏది కావాలి? త్యాగరాజ కీర్తనా? 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటా? 2020 నాటి 'అల వైకుంఠపురములో' పాటా? లేక 2023లో అదే పేరుతో వచ్చిన సినిమా ఆల్బమా? మనకైతే పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే అర్థమైపోతుంది. మెషిన్‌కి అది తెలీదు. పైగా యాప్‌లో పాటల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ఒకరు ఒక "ఎ" పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు, ఒకరు మొత్తం కలిపి రాస్తారు, ఇంకొకరు మూడు ముక్కలు చేస్తారు. ఇంగ్లిష్‌లో సెట్ చేసిన స్పీచ్ ఇంజిన్ మన తెలుగు మాటని దగ్గరలో ఉన్న ఇంగ్లిష్ మాటల్లోకి లాక్కెళ్తుంది. ఆ రెండూ మ్యాచ్ అవ్వాలంటే అదృష్టం ఉండాలి.

పాన్ ఇండియా సినిమాలతో ఇంకో తలనొప్పి. "శ్రీవల్లి" అనే పేరు అన్ని భాషల్లోనూ శ్రీవల్లే. తెలుగులో సిద్ శ్రీరామ్, హిందీలో జావేద్ అలీ. భాష చెప్పకపోతే యాప్ తనకి తోచింది పెడుతుంది. చెప్పినా "తెలుగు" అనే మాటని పాట పేరులో భాగం అనుకునే ఛాన్స్ ఉంది. మనం మాట్లాడేది కూడా ఒక్క భాష కాదు కదా. "నెక్స్ట్ సాంగ్ పెట్టు", "వాల్యూమ్ తగ్గించు" అంటాం. సగం ఇంగ్లిష్, సగం తెలుగు. ఒకేసారి ఒకే భాష వినే సిస్టమ్‌కి ఇది గందరగోళమే.

ఆ రోజు చిట్యాల దగ్గర టీకి ఆగాక నాన్న కూడా ట్రై చేశారు. బటన్ నొక్కి, చాలా మర్యాదగా, "ఘంటసాల గారి పాటలు పెట్టమ్మా" అన్నారు. స్క్రీన్ మీద వచ్చిన ఇంగ్లిష్ అక్షరాలకి అర్థమే లేదు. రెండోసారి అడిగి, "దీనికి తెలుగు రాదారా?" అని వదిలేశారు. నాకు నవ్వు రాలేదు. వాయిస్ నిజంగా ఎవరికి ఉపయోగం? మెనూలు చకచకా తిప్పగల నాకా, ఇంగ్లిష్ స్క్రీన్ చూస్తే ఇబ్బంది పడే ఆయనకా? ఎక్కువ అవసరం ఉన్నవాళ్ళకే తక్కువ పనిచేస్తోంది. అలాగని టెక్నాలజీ లేదా అంటే ఉంది. జెమినీ లైవ్‌లో తెలుగు 2024లోనే వచ్చింది, ఫోన్‌లో తెలుగులో హాయిగా మాట్లాడొచ్చు. అది ప్రతి కారు డాష్‌బోర్డు దాకా ఎందుకు రావట్లేదు అనేదే నా ప్రశ్న.

చేతులు ఫ్రీ, మరి బుర్ర?

ఇంటికొచ్చాక దీని మీద చదివితే నాకు షాక్ కొట్టిన రెండు విషయాలు దొరికాయి.

మొదటిది అమెరికాలో ఏఏఏ ఫౌండేషన్ కోసం యూటా యూనివర్సిటీ చేసిన రీసెర్చ్, 2015లో వచ్చింది. వాయిస్ కమాండ్ పూర్తయ్యాక కూడా డ్రైవర్ ధ్యాస పూర్తిగా రోడ్డు మీదకి రావడానికి 27 సెకన్ల వరకు పట్టొచ్చని తేలింది. అన్ని సిస్టమ్స్‌కీ అంత పట్టదు, అది పై లిమిట్. కానీ 80 స్పీడులో 27 సెకన్లంటే 600 మీటర్లు. పాట మొదలై మనం తలూపుతున్నప్పుడు కూడా బుర్రలో కొంత భాగం ఇంకా ఆ కమాండ్ దగ్గరే ఉండొచ్చన్నమాట.

రెండోది బ్రిటన్‌లో ఐఏఎం రోడ్‌స్మార్ట్ కోసం టీఆర్‌ఎల్ సంస్థ 2020లో సిమ్యులేటర్ మీద చేసిన టెస్ట్. ఆండ్రాయిడ్ ఆటోని టచ్‌తో వాడినప్పుడు డ్రైవర్ల రియాక్షన్ టైమ్ 53 శాతం పెరిగింది, వాయిస్‌తో 30 శాతం. కార్‌ప్లేకి టచ్‌తో 57 శాతం, వాయిస్‌తో 36 శాతం. పాత స్టడీల ప్రకారం అక్కడి లిమిట్ మేరకు మందు తాగి నడిపితే పెరిగేది 12 శాతం. అంటే టచ్ కంటే వాయిస్ ఖచ్చితంగా బెటర్. కానీ "సేఫ్" అనే మాట వాడేంత బెటర్ కాదు.

మన చట్టం చేతిలో ఫోన్ గురించి స్పష్టంగా ఉంది. 2019 సవరణ తర్వాత డ్రైవింగ్‌లో ఫోన్ చేతిలో పట్టుకుని వాడితే అది డేంజరస్ డ్రైవింగ్ కిందకే వస్తుంది. మంచిదే. కానీ చేతిలో ఫోన్ లేదు కాబట్టి అంతా ఓకే అని మనకి మనం సర్దిచెప్పుకుంటున్నాం. నేనూ అదే చేశాను.

ఏ పని నోటికి, ఏ పని వేలికి?

నేను వాయిస్‌కి వ్యతిరేకిని కాదు. లక్షల పాటల్లో ఒకటి కావాలంటే నాబ్ తిప్పి దొరకదు, టైప్ చేయడం నేరం లాంటిది. అక్కడ వాయిస్‌ని మించింది లేదు. జవాబు పెద్దగా ఉండే పని, అంటే పాట పేరు, ఊరి పేరు, మనిషి పేరు, నోటితో చెప్పాలి. జవాబు చిన్నగా ఉండే పని, అంటే పెంచు, తగ్గించు, ఆపు, తర్వాతది, వేలితో చేయాలి. వాల్యూమ్ తగ్గించడానికి ఒక బటన్ నొక్కి, బీప్ కోసం ఆగి, ఒక వాక్యం చెప్పి, నెట్ సిగ్నల్ ఉందో లేదో దేవుడికి దండం పెట్టుకోవడం ఏం ప్రోగ్రెస్ చెప్పండి?

2022లో స్వీడన్‌కి చెందిన 'వీ బీలాగరె' అనే కార్ల మేగజైన్ ఒక టెస్ట్ చేసింది. రేడియో ఆన్ చేసి ఫలానా స్టేషన్ పెట్టడం లాంటి నాలుగు పనులు 110 స్పీడులో. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి, కారు 306 మీటర్లు వెళ్ళింది. అన్నిటికంటే వెనకబడిన టచ్‌స్క్రీన్ కారులో అవే పనులకి 44.9 సెకన్లు, 1,372 మీటర్లు. యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, ఎమర్జెన్సీ కాల్‌కి విడి కంట్రోల్స్ ఉంటేనే పూర్తి మార్కులు అంటోంది. ఆ లిస్టులో ఆడియో లేదు. నా దృష్టిలో ఉండాలి. ఎందుకంటే ఈ ఐదిటి కంటే మనం రోజూ ఎక్కువసార్లు ముట్టుకునేది వాల్యూమే.

నేనూ సాఫ్ట్‌వేర్ రాసేవాడినే, కాబట్టి ఇది ఎలా జరుగుతుందో ఊహించగలను. డెమో ఎప్పుడూ ఏసీ రూమ్‌లో, ఫుల్ వైఫైలో, స్క్రిప్ట్ ప్రకారం జరుగుతుంది. ఫీచర్ లిస్టులో టిక్ పడిపోతుంది. నకిరేకల్ దగ్గర అద్దం సగం దించి, వెనక అమ్మ మాట్లాడుతుండగా ఎవరూ టెస్ట్ చేయరు.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి

- ఒక్కసారే అడుగుతా. తప్పు పాట వస్తే అదే వింటా. రెండోసారి అడగను, స్క్రీన్ అసలు చూడను.
- ట్రిప్‌కి ముందు ప్లేలిస్ట్ చేసి డౌన్‌లోడ్ పెడతా. దానికి "హైవే వన్" లాంటి సింపుల్ పేరు పెడతా. అది ఎప్పుడూ తప్పు వినలేదు.
- మ్యూజిక్ యాప్ సెట్టింగ్స్‌లో తెలుగుని మొదటి భాషగా పెట్టా. పాన్ ఇండియా గొడవ చాలావరకు తగ్గింది.
- అడిగే ముందు బ్లోయర్ తగ్గిస్తా, పాట పేరుతో పాటు సినిమా పేరు కూడా చెప్తా.
- పక్కన మనిషి ఉంటే వాళ్ళే నా వాయిస్ అసిస్టెంట్.

ఇక రివ్యూలు చేసేవాళ్ళకి, చదివేవాళ్ళకి ఒక మాట. "వాయిస్ కమాండ్స్: ఉన్నాయి" అనే ఒక్క లైన్‌తో సరిపెట్టొద్దు. 80 స్పీడులో, బ్లోయర్ మూడు మీద పెట్టి, పది తెలుగు పాటలు అడగండి. ఎన్ని కరెక్ట్‌గా వచ్చాయో రాయండి. నెట్ ఆపేసి వాల్యూమ్ కమాండ్ పనిచేస్తుందో లేదో చూడండి. వాల్యూమ్‌కి నాబ్ ఉందా లేదా అనేది సన్‌రూఫ్ కంటే ముందు రాయండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళి, వాళ్ళ భాషలో వాళ్ళనే అడగమనండి. షోరూమ్‌లో సేల్స్‌మన్ చేసే డెమో కన్నా అదే అసలైన బెంచ్‌మార్క్.

తిరుగు ప్రయాణంలో నాన్న తన ఫోన్ నుంచే ఘంటసాల పాటలు పెట్టారు. నార్కట్‌పల్లి దగ్గర అమ్మకి ఫోన్ వస్తే ఆయన చెయ్యి వాల్యూమ్ నాబ్ మీదకి వెళ్ళింది, పాట తగ్గింది. చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది. ఆయన కారు నడపట్లేదు కూడా. అయినా రోడ్డు ఆయనే చూస్తున్నారు, ఇంకా నన్ను పూర్తిగా నమ్మలేదనుకుంటా.