తీరికకు ప్రతిభ అని పేరు

ఇంగ్లండులో 16 నుంచి 18 ఏళ్ళ విద్యార్థులు చదివే తరగతులను సిక్స్త్ ఫారం అంటారు. అక్కడినుంచి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి వంటి చోట్లకు పోదలచినవారికి మంచి మార్కులు ఒక్కటే చాలవు. పాఠ్యప్రణాళికకు వెలుపలి గ్రంథాలు చదవాలి, ఉపన్యాసాలు వినాలి, వ్యాసపోటీలకు రాయాలి, వేసవి శిబిరాలకు పోవాలి. దీన్నంతటినీ 'ఎన్‌రిచ్‌మెంట్' అంటున్నారు. పాఠ్యగ్రంథం దాటి చదవడం మంచిదే. దానితో నాకు పేచీ లేదు. నా పేచీ అల్లా, ఆ చదువును కొలబద్ద చేసి దానితో ప్రతిభను కొలుస్తున్నామనే వాదంతోనే.

2026 ప్రవేశాల నుంచి యూకాస్ దరఖాస్తులో స్వీయపరిచయ వ్యాసం స్థానే మూడు ప్రశ్నలు వచ్చాయి. చదువు వెలుపల ఏమి చేసి సిద్ధపడ్డావన్నది మూడవ ప్రశ్న. ప్రశ్న అందరికీ ఒకటే. జవాబు సంపాదించుకోవడానికి కావలసిన సాయంకాలాలు మాత్రం అందరికీ లేవు. దుకాణంలో కూలి చేసినా, ఇంట్లో రోగికి సేవ చేసినా రాయవచ్చునంటారు. నిజమే. కాని ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలు ముఖ్యంగా వెదికేది, కోరిన శాస్త్రంలో విద్యార్థి తనంతట తాను చేసిన అధ్యయనాన్ని. ఆ తూకంలో కూలిపని బరువెంత?

"అన్నీ ఉచితమే గదా!" అని కొందరు ఉదారవాదులు అడ్డు తగులుతారు. గ్రెషం కళాశాల 1597 నుంచి ఉచితోపన్యాసాలు ఇప్పిస్తూనే ఉంది. ఆక్స్‌ఫర్డు వారి యూనిక్ శిబిరానికి ప్రభుత్వ పాఠశాలల పిల్లలు రుసుము చెల్లించనక్కర లేదు. ఇవి మేలైనవే. కాని ఉపన్యాసం ఉచితమైనంత మాత్రాన, అది వినే గంటకు పోయే కూలి ఎవరిస్తారు?

ఆ కూలిని కొంతవరకు ఇచ్చిన పద్ధతి ఒకటి ఉండేది. 2004లో దేశమంతటా అమలయిన విద్యాభత్యం కింద పేదవిద్యార్థికి వారానికి 30 పౌండ్ల వరకు ముట్టేది. 2011లో సంకీర్ణ ప్రభుత్వం ఇంగ్లండులో దాన్ని రద్దు చేసింది. ఏటా సుమారు 56 కోట్ల పౌండ్ల పద్దు పోయి, 18 కోట్ల పౌండ్ల సహాయనిధి వచ్చింది. స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు ఆ భత్యాన్ని నిలుపుకున్నాయి. కనుక ఇది విధివిలాసం కాదు, రాజకీయ నిర్ణయం.

ఫలితం కళ్ళెదుటే ఉంది. ఆ దేశపు పిల్లల్లో ప్రైవేటు పాఠశాలల్లో చదివేవారు సుమారు 7 శాతం. 2024లో ఆక్స్‌ఫర్డులో చేరిన బ్రిటిష్ విద్యార్థుల్లో వారు సుమారు మూడోవంతు! ఈ అంతరానికి ఎన్‌రిచ్‌మెంటు ఒక్కటే కారణమనను. కాని ఆ అంతరాన్ని అది పూడ్చడం లేదు. పైగా దానికి ప్రతిభ ముసుగు తొడుగుతున్నది.

1931లోనే టానీ 'ఈక్వాలిటీ' గ్రంథంలో ఈ నీతిని ఎద్దేవా చేశాడు. తోకకప్పలలో అత్యధికం తోకకప్పలుగానే చచ్చిపోతాయి. అదృష్టం పండిన కొన్ని కప్పలై గట్టెక్కి తక్కినవాటికి నీతులు బోధిస్తాయి. ఎంపిక చేసిన కొద్దిమందికి శిబిరం పెట్టి సమానత్వం సాధించామనేవారు ఆ కప్పల పక్షమే.

మనం కోరవలసింది మరింత పొడుగాటి పుస్తకాల జాబితాలను కాదు. వారభత్యం తిరిగి రావాలి. గ్రంథాలయ కాలం, చర్చాగోష్ఠి, స్వతంత్ర పరిశోధన బడి గంటల్లోకే, జీతమిచ్చి నియమించిన ఉపాధ్యాయుని చేతికే రావాలి. సగం ఏ-లెవెల్ విలువ గల ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్టు ఇప్పటికే ఉన్నది గనుక, ఇది అసాధ్యమనడం చెల్లదు. అదీ ఆక్స్‌ఫర్డుకు గురిపెట్టిన నలుగురికే కాదు, కార్ఖానాకు పోయేవానికీ, ఆసుపత్రిలో పనికి కుదిరే పిల్లకూ దక్కాలి. జిజ్ఞాస మనిషి హక్కు. దాన్ని ప్రవేశపత్రంగా అమ్మనీయరాదు.