సూర్యుడు కూర్చున్నాడు!

‘ద సన్ సెట్స్ ఇన్ ద వెస్ట్’ అని బోర్డు మీద రాసి తెలుగులో చెప్పమన్నారు టీచరు. ‘సెట్ అంటే అమర్చు’ అని బట్టీపట్టిన కుర్రాడొకడు ధైర్యంగా లేచాడు. ‘సూర్యుణ్ని పడమట అమర్చారు’ అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. ఆ తర్వాత ఇంగ్లిషు పీరియడ్‌లో వాడు చెయ్యెత్తితే ఒట్టు!

నిజానికి తప్పు వాడిది కాదు, ఆ మాట అలాంటిది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో ‘సెట్’కు ఉన్న అర్థాలు 430. వాటిని వివరించడానికి దాదాపు 60 వేల పదాలు పట్టాయి. తర్వాత దాన్ని మించింది మరో చిన్నమాట... ‘రన్’. ఆ క్రియకు 645 అర్థాలు లెక్కతేలాయని 2011లో పత్రికలు రాశాయి.

ఇన్ని అర్థాలు గుర్తుంచుకునేదెలా? మూలం పట్టుకుంటే కొంత తేలిక. ‘సెట్’ పుట్టిల్లు పాత ఇంగ్లిషులోని ‘సెట్టన్’. అంటే కూర్చోబెట్టడం. ‘సిట్’కి తోబుట్టువన్నమాట. అలారం సెట్ చేయడమంటే ముల్లును కావాల్సిన అంకె దగ్గర కూర్చోబెట్టడమే. విరిగిన ఎముకను సెట్ చేస్తే అది తన చోట కూర్చుంటుంది. సిమెంటు సెట్ అయిందంటే ఇక కదలకుండా కూర్చున్నట్టే. మరి టీ కప్పుల సెట్టో? అది వేరే ఇంటి బిడ్డ. లాటిన్‌లోని ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఒకరిని అనుసరించే బృందం అని అర్థం. ఇంగ్లిషులోకి వచ్చాక రెండూ ఒక్కలాగే కనిపించి కలిసిపోయాయి.

ఈ తమాషా ఇంగ్లిషుకే సొంతం అనుకోనక్కర్లేదు. మన ‘కొట్టు’ తక్కువ తిందా! చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, గోడకు సున్నం కొడతాం, సైకిలుకు గాలి కొడతాం. ఒకడు ఈల కొడతాడు, ఇంకొకడు జేబు కొడతాడు. పాఠం బోరు కొడుతుంది. ఐదేళ్ల పిల్లలకు కూడా ఇందులో చాలావాటితో ఏ తికమకా ఉండదు. ఎందుకంటే వాళ్లు ‘కొట్టు’ను ఒంటరిగా నేర్చుకోలేదు. పక్కమాటతో కలిపి విన్నారు, అలాగే వాడారు.

ఇంగ్లిషుకైనా దారి అదే. ఒక మాటకు ఒకే అర్థం బట్టీపట్టించే బదులు జంటలుగా చెప్పాలి. ‘సెట్ ఆఫ్’ అంటే బయల్దేరడం, ‘సెట్ అప్’ అంటే నెలకొల్పడం, ‘సెట్ అసైడ్’ అంటే పక్కన పెట్టడం. రోజుకో జంట చొప్పున, ఇంట్లో మాటల మధ్య వాడితే చాలు. నెల తిరిగేసరికి ముప్ఫై!

అన్నట్టు, ఆ కుర్రాడి జవాబు మరీ అంత దూరమేం కాదు. అమర్చడానికీ కూర్చోబెట్టడానికీ తేడా ఎంతని! ‘ఎవరూ అమర్చలేదురా, ఆయనే వెళ్లి కూర్చున్నాడు’ అని ఒక్కరు సరదాగా సరిదిద్ది ఉంటే... మర్నాడు మళ్లీ చెయ్యెత్తేవాడు.