ఇంట్లో షుగర్ ఉంటే పోలీసు కాకండి, తోడు నడవండి

పిల్లలూ, మనవాళ్ళు "ఆయనకి షుగర్ ఉంది" అంటే డబ్బాలో పంచదార ఉందని కాదు. (కడప వైపువాళ్ళయితే మీ ఇంట్లో చక్కెర అంటారు.) మధుమేహం అనే జబ్బు ఉందని. కువైట్‌లో పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది ఉందని 2021లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య లెక్క వేసింది. భారతదేశంలో 10 కోట్ల మందికి పైగా ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. కాబట్టి మీలో చాలామందికి ఇక్కడో, ఊళ్ళోనో, షుగర్ ఉన్నవాళ్ళు ఒకరైనా ఉండే ఉంటారు.

అలాంటి ఇళ్ళల్లో పిల్లలకి మనం ఒక ఉద్యోగం ఇచ్చేస్తాం. "తాతయ్య లడ్డూ తీశారేమో చూడు", "నాన్న టీలో ఎన్ని చెంచాలు వేసుకున్నారు?" తిండి విషయంలో జాగ్రత్త అవసరమే, కాదనను. కానీ ఈ పోలీసు పని మీకూ నచ్చదు, వాళ్ళకీ నచ్చదు. మీరు చేయగలిగిన ఇంకా మంచి పని ఒకటుందని నా అభిప్రాయం. వాళ్ళతో కలిసి రోజూ నడవడం. ఎందుకో చెప్తాను, కొంచెం సైన్స్ ఉంటుంది, ఓపిక పట్టండి.

మనం తిన్న అన్నం అరిగి, గ్లూకోజ్‌గా మారి, రక్తంలోకి వస్తుంది. అందులో చాలా భాగం కండరాలు తీసుకోవాలి. కండరం ఒక ఇల్లు అనుకోండి. గ్లూకోజ్ లోపలికి వెళ్ళే తలుపు పేరు గ్లూట్-4. చిత్రం ఏమిటంటే, ఈ తలుపు మామూలప్పుడు ఇంటి లోపలే దాక్కుని ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి పిలిస్తే గోడ దగ్గరికి వస్తుంది. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే టైప్-2 మధుమేహంలో ఇన్సులిన్ పిలిచినా కండరం సరిగ్గా పలకదు. చాలినన్ని తలుపులు రావు. గ్లూకోజ్ రక్తంలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు తాతయ్య నడుస్తున్నారు అనుకోండి. కాలి కండరాలు ముడుచుకుంటాయి, సాగుతాయి. ఆ కదలికే తలుపుల్ని పిలుస్తుంది, ఇన్సులిన్ పిలవకపోయినా సరే! ఇన్సులిన్ మాట వినని కండరం కూడా ఈ పిలుపుకి పలుకుతుంది.

లోపలికి వచ్చిన గ్లూకోజ్‌తో కండరం ఏటీపీ తయారుచేసుకుంటుంది. కదలడానికి అది ఖర్చుపెట్టే చిల్లర డబ్బులు అవే. ఈ ఏటీపీని కండరంలో కనిపెట్టినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నారని మీకు తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, మీ అమ్మానాన్నల్లాగే దేశం దాటి వెళ్ళి, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో దాన్ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా గుర్తించారు.

నడక, ఈత, సైకిల్ లాంటివి కొన్ని వారాలు వదలకుండా చేస్తే కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి. ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌నీ కొవ్వునీ కాల్చే చిన్న పొయ్యిలు అవి. అందుకే వీటిని ఏరోబిక్ వ్యాయామాలు అంటారు.

కానీ ఒక చిక్కుంది. ఒకసారి నడిచిన మేలు ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారానికి కనీసం 150 నిమిషాలు చేయమంటుంది, వరసగా రెండు రోజులకి మించి మానొద్దంటుంది. మరి ఫహాహీల్‌లో మనం చేసేదేమిటి? శుక్రవారం సముద్రం ఒడ్డున గంట నడుస్తాం, ఐస్‌క్రీం తింటాం, మళ్ళీ శుక్రవారం దాకా లిఫ్టు, కారు, సోఫా. నేను ఇక్కడికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఊళ్ళో కూరగాయలకి కూడా నడిచే వెళ్ళేదాన్ని. ఇక్కడ కాళ్ళకి పనే తగ్గిపోయింది. శుక్రవారం నడిచిన నడక బుధవారానికి చెల్లదు కదా!

"ఈ ఎండలో ఎలా టీచర్?" అంటారేమో. నిజమే. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో బయట పని చేయించడమే ఇక్కడ నిషేధం. ఆ వేళల్లో నేనూ వెళ్ళమనను. అల్ కూత్ మాల్ లోపల ఏసీలో నడవండి. లేదా రాత్రి అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడవండి. తిన్న తర్వాత నడిస్తే అప్పుడే రక్తంలోకి వస్తున్న గ్లూకోజ్ కండరాలకి ఖర్చవుతుంది. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న "అలసిపోయాను రా" అంటారు. మీరు వదలొద్దు. "పది నిమిషాలే నాన్నా, చైత్రం నుంచి ఫాల్గుణం దాకా నెలల పేర్లు అప్పజెప్పాలి" అనండి.

ఇది మందులకి బదులు కాదు. ఎంత నడవాలో ముందు డాక్టర్‌ని అడగమనండి. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకి నడకలో షుగర్ మరీ పడిపోవచ్చు. వణుకు, చెమట, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆపి, కూర్చోబెట్టి, తియ్యటిది ఇవ్వాలి. అప్పుడు మాత్రం తీపి వద్దనకూడదు! పాదాలకి దెబ్బ తగలకుండా చెప్పులు కాకుండా బూట్లు వేసుకోమనండి. ఒక చిన్న జ్యూస్ డబ్బా మీ జేబులో పెట్టుకోండి. దారిలో మీరు తాగేయకండి.