ఫోనులో దుకాణం, రోడ్డు మీద బండి

జుమా నమాజు అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర యువకులు మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నల్లో ఈమధ్య ఒకటి తరచుగా వస్తోంది. ఫోనులో ఆటలు ఆడవచ్చా అని. మా జవాబు క్లుప్తంగానే ఉంటుంది. పందెం ఉన్నది జూదం. దాని సంగతి ధర్మం ఏనాడో తేల్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. పందెం లేనిదీ, నమాజు వేళనూ ఇంటి బాధ్యతనూ మింగనిదీ వేరే సంగతి. ఇంతవరకు చెప్పి మేము ఇంటిదారి పట్టేవాళ్ళం. కాని మా తమ్ముని కొడుకు తెచ్చిన వ్యవహారం ఇంత తేలికగా తెమిలేది కాదు.

అతను మాదాపూర్‌లో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఒకరోజు వచ్చి కూర్చొని, "బడే అబ్బా, నౌకరీ వదిలేసి గచ్చిబౌలిలో చాయ్ దుకాణం పెడదామనుకుంటున్నాను. నా స్నేహితులిద్దరు కూడా కలుస్తారు. లెక్కలన్నీ నాకు వచ్చు" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావు బేటా అని అడిగాము. జేబులోంచి ఫోను తీసి చూపించాడు. అందులో నిమ్మరసం దుకాణం నడిపే ఆట ఒకటి ఉంది. మూడేళ్ళుగా ఆడుతున్నాడట, నష్టం వచ్చి ఏడాది దాటిందట! పెట్టుబడి మాత్రం ఫోనులోది కాదు. తండ్రి జిద్దాలో పన్నెండేళ్ళు డ్రైవరుగా ఎండలో మాడి దాచిన సొమ్ము.

నవ్వి ఊరుకోవడానికి వీలులేని విషయం. కోప్పడితే లాభం లేదు, తెలియని వస్తువు మీద కోప్పడడం మా ఉస్తాదులు మాకు నేర్పలేదు. అందుచేత ఆ ఆట ఏమిటో, ఆడేవాళ్ళు దాన్ని గురించి ఏమనుకుంటారో విందామని ఒక సాయంత్రం మెట్రోలో రాయదుర్గం వెళ్ళి, ఆ పిల్లలు చాయ్ తాగే బండి పక్కన స్టూలు మీద కూర్చున్నాము. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి ఆ చుట్టుపక్కల ఎక్కువగా బండలూ తుప్పలే. ఇప్పుడు తల పైకెత్తితే అద్దాల మేడలు, దించితే చాయ్ బండ్లు.

పిల్లలు చెప్పినదాన్నిబట్టి, మేము తర్వాత చదివి తెలుసుకున్నదాన్నిబట్టి, ఈ ఆట నిన్నమొన్నటిది కాదు. బడిపిల్లలకు కంప్యూటరు ద్వారా పాఠాలు చెప్పడానికి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఏర్పడిన సంస్థలో బాబ్ జేమిసన్ అనే ఆయన 1973లో దీన్ని తయారుచేశాడు. పేరు 'లెమనేడ్ స్టాండ్'. మొదట్లో బొమ్మలు లేవు, అక్షరాలే. 1979లో ఛార్లీ కెల్నర్ అనే ఆయన దీన్ని ఆపిల్ కంప్యూటరుకు తగినట్టు మార్చాడు. ఆడేవాని చేతికి 2 డాలర్లు ఇస్తారు. పొద్దున్నే ఎండా మబ్బా చెబుతారు. ఎన్ని గ్లాసులు కలపాలి, ఒక్కొక్కటి 15 సెంట్ల చొప్పున ఎన్ని బోర్డులు పెట్టాలి, గ్లాసు ఎంతకు అమ్మాలి, ఈ మూడే అతను తేల్చుకోవలసినవి. మొదటి రెండు రోజులూ గ్లాసుకు 2 సెంట్లే ఖర్చు, ఎందుకంటే పంచదార అమ్మ ఊరికే ఇస్తుంది. మూడోరోజు అమ్మ ఇవ్వడం మానేస్తుంది, ఖర్చు 4 సెంట్లకు ఎక్కుతుంది.

ఈ అమ్మ పంచదార ముక్క మాకు ఎంతో నచ్చింది. ఇంట్లోవాళ్ళ పంచదారనూ, ఇంట్లోవాళ్ళ చాకిరీనీ లెక్కలో వేయకుండా లాభం వచ్చిందని మురిసిపోయే దుకాణాలు మన బస్తీల్లో ఎన్ని లేవు!

తర్వాత 2002లో కెనడాకు చెందిన హెక్సాక్టో అనే కంపెనీ 'లెమనేడ్ టైకూన్' అని ఇంకా పెద్ద ఆట తెచ్చింది. ఇప్పటి పిల్లలు ఆడే రకాల్లో నిమ్మకాయలు, పంచదార, మంచు, కప్పులు విడివిడిగా కొనుక్కోవాలి. సాయంత్రానికి మిగిలిన మంచు కరిగి నీరైపోతుంది, దాని డబ్బు పోయినట్టే. ద్రాక్షమద్యం తయారీ మీద కూడా 2021లో 'హండ్రెడ్ డేస్' అని ఒక ఆట వచ్చింది. దాన్ని గురించి ఈ పేజీ పాఠకులకు మేము ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇక ఆడేవాళ్ళ అభిప్రాయాలు. ఆ సాయంత్రం బండి దగ్గర అయిదారుగురు చేరారు, మనవాళ్ళూ హిందూ సోదరులూ కలిసి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే ఉద్యోగమైన ఒక అబ్బాయి, "కిటుకు దొరికేదాకే సార్ మజా. ఎంత ఎండకు ఎంత ధర అనేది తెలిసిపోయాక ఆట చచ్చిపోతుంది, రోజూ అదే నొక్కుడు" అన్నాడు. గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాట మాకు ఇంకా లోతుగా తోచింది. "ఆటలో గిరాకీ మొహం మీదే చెబుతుంది, పులుపు ఎక్కువైందని, రేటు ఎక్కువని. బయట ఎవరు చెబుతారండీ? తాగి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు" అంది. మరొకతనికి ఫోనులో వచ్చే కొత్తరకం ఆటల మీద కోపం. రెండు నిమిషాలకొక ప్రకటన, అది పోవాలంటే డబ్బు, త్వరగా పెరగాలంటే ఇంకా డబ్బు. "అందులో దుకాణందారు మనం కాదు, మనమే గిరాకీ" అన్నాడు. మేము పగలబడి నవ్వాము. ఆ కుర్రవాడు బాగుపడతాడు.

మా అబ్బాయి ఫిర్యాదు వేరు. వాన అన్యాయం అన్నాడు. అన్నీ సరిగా లెక్కవేసి, గ్లాసులు కలిపి, బోర్డులు పెట్టాక పాత ఆటలో ఒక్కోసారి ఉరుములతో వాన వచ్చి మొత్తం తుడిచిపెట్టేస్తుంది. ఇంకోరోజు మీ వీధిలో రోడ్డు పని జరుగుతోంది, మనుషుల రాకపోకలు లేవు అంటుంది. ఆ పనివాళ్ళే మధ్యాహ్నం వచ్చి సరుకంతా కొనుక్కుపోయే అదృష్టమూ అప్పుడప్పుడూ ఉంది. ఆడేవాని తెలివికి సంబంధంలేని ఇలాంటివి ఆటలో ఉండకూడదని అతని వాదన. చాలామంది తల ఊపారు కూడా.

మేము మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఆట మొత్తంలో అబద్ధం లేని భాగం ఏదైనా ఉంటే అది ఇదే. మా మాట వాళ్ళు వింటారని కాదు, చాయ్ వడపోస్తున్న బండివాణ్ణి అడగమన్నాము. పాలమూరు నుంచి వచ్చి అక్కడ బండి పెట్టుకున్న మనిషి. "వాన పడ్తే తాడ్‌పత్రి కప్తం సాబ్. పోలీసోళ్ళొస్తే ఏం కప్తం?" అన్నాడు. తర్వాత కరోనా సంగతి చెప్పాడు. 2020 మార్చి చివర ఊరంతా మూతబడింది. లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా కంపెనీల వాళ్ళు చాలాకాలం ఇళ్ళ నుంచే పనిచేశారు. మేడలు అలాగే ఉన్నాయి, దీపాలూ వెలిగాయి, చాయ్ తాగే మనిషి లేడు. బండి తాళంవేసి ఊరికి పోయాడట. యాభై ఏళ్ళుగా ఈ ఆటను ఇంతమంది మార్చి మార్చి రాశారు, అలాంటి వాతావరణం ఎవరి ఊహకైనా అంది ఉంటుందా?

పోలీసుల మాట వచ్చింది కనుక ఒక సంగతి గుర్తుచేయాలి. 2024 జనవరి చివర మాదాపూర్‌లో కుమారి ఆంటీ అని పేరుపడిన భోజనం బండి యజమానురాలిని ట్రాఫిక్ పోలీసులు అక్కడినుంచి కదలమన్నారు. ఫోన్లలో ఆమె వీడియోలు చూసి జనం విరగబడటంతో రోడ్డు నిండిపోతోందని కారణం చెప్పారు. వెంటనే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కలగజేసుకుని ఆమెను అక్కడే ఉండనివ్వమన్నారు. మంచిదే. కాని పక్కన వరసగా నిలబడ్డ బండ్లన్నిటికీ ముఖ్యమంత్రులు దొరకరు. వాళ్ళకోసం 2014లో కేంద్రం చేసిన వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే జరిపి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని, ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు లేకుండా కదిలించకూడదని అందులో రాసి ఉంది. బండివాణ్ణి అడిగితే ఆ చట్టం పేరు వినలేదన్నాడు. పక్కనే నిలబడ్డ చదువుకున్న మన పిల్లల్లోనూ ఒక్కరు వినలేదు. ఆటలో ఏ నిబంధన ఎక్కడుందో మాత్రం వాళ్ళకు కంఠోపాఠం.

అయితే మమ్మల్ని నొప్పించింది ఇదేదీ కాదు, మంచు కిటుకు. కొన్ని ఆటల్లో కప్పులో మంచుముక్కలు ఎక్కువ వేసినకొద్దీ ఒకే కూజాలోంచి ఎక్కువ కప్పులు దిగుతాయి. దాన్ని కనిపెట్టిన రోజు ఎంత సంతోషించాడో మా అబ్బాయి చేతులు తిప్పుతూ చెప్పాడు, తక్కినవాళ్ళు శభాష్ అన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆట తప్పేమీ లేదు. ఎండరోజున మంచు ఎక్కువ ఉంటే కొనేవాడికీ ఇష్టమే, పైగా అది కంటికి కనబడే వస్తువు. రసం మరీ పలచబడితే గిరాకీ తగ్గించి ఆటే శిక్ష వేస్తుంది. కాని ఆటకు తెలిసిన శిక్ష అదొక్కటే. గిరాకీ తగ్గని మోసం అక్కడ మోసమే కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) మదీనా బజారులో నడుస్తూ ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టిన సంఘటన మనలో చాలామందికి తెలుసు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. వాన పడినందుకు ప్రవక్త అతన్ని మందలించలేదు, తడిసినదాన్ని జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదని మందలించారు. వాన అతని చేతిలో లేదు, రాశిని పేర్చడం అతని చేతిలో ఉంది. ఇది చెప్పి, పాలలో నీళ్ళూ పత్తీలో రంగూ కలిపితే చాయ్ గిరాకీ తగ్గుతుందా అని పిల్లలను అడిగాము. ఎవరూ మాట్లాడలేదు. బండివాడు మాత్రం, "తగ్గదు సాబ్. అల్లం జర ఎక్కువేస్తే తెల్వదు" అన్నాడు. తాను అలా చేస్తాడని మేము అనుకోము, చేసేవాడు అంత తేలికగా చెప్పడు.

ధర సంగతి కూడా ఉంది. ఆటలో ధర పెట్టేది మనమే, మీట నొక్కితే మారుతుంది. 2022 మార్చిలో పాలు, పత్తీ, గ్యాసు అన్నీ పెరిగాయని నగరంలోని చాలా ఇరానీ హోటళ్ళు కప్పు చాయ్‌ను 15 రూపాయల నుంచి 20కి పెంచాయి. అందరూ కలిసి పెంచారు కాబట్టి చెల్లింది. ఒంటరి బండివాడు పెంచితే గిరాకీ నాలుగడుగులు నడిచి పక్కబండికి పోతుంది. 19 కిలోల సిలిండరు ధర మాత్రం అతన్ని అడిగి మారదు.

ఇంతా విని మేము మా అబ్బాయికి దుకాణం పెట్టవద్దని చెప్పలేదు. వ్యాపారం మనకు గౌరవమైన మార్గం, నౌకరీయే రిజ్క్ అనుకునే భ్రమ పోవడం మంచిదే. ఫోనులో ఆట అతనికి ఖాతా రాయడం, మిగిలిన సరుకును నష్టంలో వేయడం నేర్పింది, అది కొట్టిపారేయవలసిన విద్య కాదు. ఒకటే అడిగాము. డబ్బు తీయకముందు ఒక నెల, డ్యూటీకి పోయేముందు సాయంత్రాలు, ఇదే బండి దగ్గర నిలబడి చేయిసాయం చెయ్యి, రోజూ లెక్క రాయి. మొహం చిన్నబుచ్చుకున్నాడు గాని ఒప్పుకున్నాడు. బండివాడు కూడా సరేనన్నాడు, జీతం లేని మనిషి దొరికితే ఎవరు కాదంటారు?

పదకొండు రోజులయ్యాక పుస్తకం తెచ్చి మా ముందు పెట్టాడు. పగిలిన గ్లాసులు, విరిగిన పాలు, పైపుల కోసం రోడ్డు తవ్వి ఖాళీగా గడిచిన రెండు రోజులు, అన్నీ ఉన్నాయి. ఉద్దెర పద్దు రెండు పేజీలు. పేర్లు తెలియక మెడలో వేలాడే పట్టీల రంగులు రాసుకున్నాడు: నీలం పట్టీ అన్న నాలుగు చాయ్, సోమవారం ఇస్తానన్నాడు. ఆటలో ఉద్దెర లేదని అతనే గుర్తుచేశాడు. చివరి పేజీలో ఖర్చుల పట్టిక వేసి ఒక గడి ఖాళీగా వదిలాడు. అది బండివాని భార్య గడి. పొద్దున అల్లం దంచేది, పాలు కాచేది, రాత్రి గ్లాసులు కడిగేది ఆమే. "దీనికి ఎంత వేయాలి బడే అబ్బా?" అన్నాడు. ఆమెనే అడుగు అన్నాము.

మరునాడు అడిగాడట. ఆమె నవ్వి, "ముందు ఆ గ్లాసులు ఇటు అందియ్యి తమ్మీ" అన్నదట.